రెండో ఫ్లాస్కు

చలికి ఆ పొద్దున ఇంజన్ల మేస్త్రి మోకాలు మొరాయించింది. షెడ్డు తలుపు తెరిచి, లేత్ మిషను మీద కప్పిన గుడ్డ తీసి, స్టూలు మీద కూలబడి కాలు చాపుకున్నాడు. భార్య ఇచ్చిన సంచిలో ఎప్పటిలాగే రెండు ఫ్లాస్కులున్నాయి. ఒకదాంట్లో తనకి టీ. రెండోదాంట్లో వట్టి వేడినీళ్ళు, ఆవిడ తమ్ముడికని. పగలంతా సముద్రపు పాయలో నానేవాడికి ఒక ఫ్లాస్కు వేడినీళ్ళు ఏ మూలకని మేస్త్రి చాలాసార్లు ఎద్దేవా చేశాడు. అక్క నవ్వి ఊరుకునేది. తమ్ముడూ నవ్వి ఊరుకునేవాడు. అక్కాతమ్ముళ్ళ నవ్వులు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి, మనిషికి ఒళ్ళు మండేలా.

ఇవాళ అతను ఆ రెండో ఫ్లాస్కు మూత తిప్పాడు. తువ్వాలు మడిచి, వేడినీళ్ళు దానిమీద ఒంపి, మోకాలికి చుట్టుకున్నాడు. నొప్పి కాస్త సడలింది. మిగిలినవి కూడా ఒంపేశాడు. కాసేపటికి బావమరిది వచ్చి సంచిలోంచి ఫ్లాస్కు తీసుకున్నాడు. చేతిలో తూచినట్టు దాన్ని ఒకసారి ఊపాడు. బావ మోకాలికేసి చూశాడు. ఫ్లాస్కు పట్టుకునే నీళ్ళవైపు వెళ్ళిపోయాడు.

ఆ ఒడ్డు మీద అందరూ వాణ్ణి నీటికోడి అంటారు. నలభైకి దగ్గరపడ్డా ఒంటిమీద చెమ్మ ఆరని మనిషి. వచ్చినవాళ్ళకి ఎగిరే బోర్డు నేర్పడం వాడి పని. బోర్డు అంటే మనిషి పొడవు పలక. దాని పొట్టకింద నిలువు స్తంభం, స్తంభం చివర విమానానికున్నట్టు చిన్న రెక్కలు, అక్కడే గుప్పెడంత మోటారు, మోటారుకి ప్రొపెల్లరు. చేతిలోని రిమోటు నొక్కితే మోటారు తోస్తుంది, వేగం అందగానే పలక నీళ్ళని వదిలి పైకి లేస్తుంది. అలా లేచాక ఏ పడవ వెనక అల మీదో పెడితే ఇక మోటారుతో పని లేదు, అలే మోసుకుపోతుంది. చిక్కల్లా అక్కడే. మోటారు ఆపగానే ఆగిపోయిన ప్రొపెల్లరు నీళ్ళకి అడ్డంపడి బోర్డుని వెనక్కి గుంజుతుంది. సరదా మొదలయ్యేసరికి బోర్డు చతికిలబడుతుంది.

అవతలి ఒడ్డున ఇదే వ్యాపారం చేసేవాళ్ళు మడత రెక్కల ప్రొపెల్లర్లు తెప్పించుకున్నారు. మోటారు ఆగితే వాటి రెక్కలు గొడుగులా వెనక్కి ముడుచుకుంటాయి. అవే కొందామంది బోర్డులు అద్దెకిచ్చే ఓనరమ్మ. మేస్త్రి ఒకటి చేతిలో తిప్పి చూసి, కీలులో ఇసక దూరితే ఒక రెక్క విచ్చుకుని రెండోది విచ్చుకోదని, అప్పుడు మోటారంతా ఒణుకుతుందని, దీనికంటే మంచిది తానే చేస్తానని అన్నాడు. చేశాడు. సైకిలు తొక్కడం ఆపినా వెనకచక్రం తిరుగుతూనే ఉంటుందే, అదే పద్ధతి. ప్రొపెల్లరు నడుమ ఉండే హబ్బుని తొలిచి, అందులో ఒకవైపే పట్టే బేరింగు కూర్చాడు. మోటారు తోసినప్పుడు లోపలి సన్నటి రోలర్లు ఇరుసుని బిగపడతాయి. మోటారు ఆగి నీళ్ళే తోసినప్పుడు వదిలేస్తాయి, ప్రొపెల్లరు తనమానాన తాను తిరుగుతూ ఉంటుంది. బిగించిన మొదటి సాయంత్రం నీటికోడి పాయ మలుపు దగ్గర్నుంచి ఒడ్డుదాకా రిమోటు నొక్కకుండా వచ్చి, బావ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. మేస్త్రి ఆ చెయ్యి విదిలించుకున్నాడు గానీ ఇంటికెళ్ళి భార్యకి ఆ సంగతి ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

తువ్వాలు ఇంకా చల్లారలేదు. నీళ్ళమీంచి ఒక మోత వచ్చింది. మోటారు సన్నగా మొదలై, పైపైకి పోయి, ఈల వేసినట్టు అరిచింది. ఆ వెంటనే ఏదో ఎముక కొరికినట్టు టక్కున చప్పుడు. తరవాత మనిషి పడ్డ చప్పుడు.

పడ్డవాడు పళ్ళ డాక్టరు. ఆసుపత్రి తెరిచేలోపల ఒక గంట ఎగిరి పోదామని పొద్దున్నే వస్తుంటాడు. నీటికోడి ఈదుకుంటూ వెళ్ళి, చంకకింద చెయ్యి వేసి ఒడ్డుకి తెచ్చాడు. పళ్ళన్నీ ఉన్నాయి గానీ కింది పెదవిలో ఆ పళ్ళే దిగబడి నెత్తురు గడ్డం మీదకి కారుతోంది. డాక్టరు చేత్తో నోరు మూసుకుని, కోపంగా చూడటం తప్ప ఏమీ చెయ్యలేని స్థితిలో కారెక్కి వెళ్ళిపోయాడు.

ఓనరమ్మ షెడ్డు గుమ్మంలో నిలబడింది. ఎండకి కమిలిన మెడ, అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు. ఆవిడ చేతిలో డాక్టరు ఎక్కిన బోర్డు తాలూకు ప్రొపెల్లరు ఉంది.

"మేస్త్రీ, ఒక్క ముక్క చెప్పండి. దీంట్లో ఏమైనా లోపముందా?"

మేస్త్రి దాన్ని తీసుకుని వేలితో తిప్పాడు. ఇటు తిరిగింది, అటు పట్టింది. మోటారు వేడి ఇంకా దానిలో ఉంది.

"లేదు," అన్నాడు. అక్కడితో ఊరుకున్నా సరిపోయేది. "నేర్చుకునేవాడు రిమోటు ఒక్కసారిగా గుంజేస్తే ఏ ప్రొపెల్లరైనా ఎగరేసి కొడుతుంది. వాడి రిమోటుకి బలం తగ్గించి పెట్టాల్సింది నేర్పేవాడు."

ఆ మాట అంటూ అతను బావమరిది వైపు చూడలేదు. చూడాల్సిన పని లేదు, ఓనరమ్మే చూసింది. నీటికోడి ఒంటిమీంచి నీళ్ళు షెడ్డు గచ్చు మీద కారుతున్నాయి. వాడు కాసేపు ఆ నీళ్ళకేసే చూసి, "నేను చూసుకోవాల్సింది," అన్నాడు.

ఓనరమ్మకి అది చాలింది. ఇక వాడు నీళ్ళమీదకి పోనక్కర్లేదంది. అవతలి ఒడ్డు నుంచి ఒకతను వస్తానంటున్నాడు, ఆదివారం నాడు మాట్లాడి ఖాయం చేస్తుంది. అందాకా పాఠాలు బంద్. వీడు వచ్చినవాళ్ళు విడిచిన తడిబట్టలు ఉతికి ఆరేసుకోవచ్చు, బోర్డులు మోసుకోవచ్చు. ఆదివారం తరవాత వీడి దారి వీడు చూసుకోవచ్చు. మిగతా బోర్డులకి కూడా అలాంటి హబ్బులే చేసి పెట్టమని మేస్త్రికి చెప్పి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం మేస్త్రి తొట్టెలో నీళ్ళు నింపి, డాక్టరు బోర్డు స్తంభాన్ని అందులో దింపి, మోటారు నడిపి చూశాడు. నొక్కినప్పుడల్లా ప్రొపెల్లరు చటుక్కున అందుకుంది. వదిలినప్పుడల్లా హాయిగా తిరిగింది. ఎండ తొట్టెలోకి పడుతోంది. నొక్కాడు, వదిలాడు, నొక్కాడు. కావాలనే పెద్దగా చప్పుడయ్యేలా నొక్కాడు. ఆరేసిన తడిబట్టల వెనక నీటికోడి ఉన్నాడని అతనికి తెలుసు.

సాయంత్రం ఇంట్లో భార్య కుట్టు మిషను ముందు కూర్చుని ఎవరివో కర్టెన్ల అంచులు కుడుతోంది. మేస్త్రి కూర్చున్నవాడు కూర్చున్నట్టు సమర్థించుకోవడం మొదలుపెట్టాడు. తనెవరినీ ఇరికించలేదు. అడిగారు, చెప్పాడు. హబ్బు ఎలా ఉందో అలా చెప్పాడు. తమ్ముడు కదా అని వెనకేసుకొస్తే రేపు ఎవడి ప్రాణమైనా పోవచ్చు. అయినా వాడే ఒప్పుకున్నాడు కదా. ఆవిడ మిషను తొక్కడం ఆపలేదు. అంచు చివరిదాకా కుట్టి, దారం తెంపి, గుడ్డ తిరగేసి, మళ్ళీ తొక్కింది. అన్నం పెట్టమంటే పెట్టింది. కూర ఇంకాస్త వెయ్యనా అని మాత్రం అడగలేదు.

మరుసటి రోజంతా అతను కొత్త హబ్బుల మీద కూర్చున్నాడు. పని చేస్తున్నప్పుడు మేస్త్రికి ముసలితనం, మోకాలు, ఓనరమ్మ, ఎవరూ గుర్తుండరు. తెల్లటి నైలాను కడ్డీని లేత్‌కి బిగించి, ఉలి ఆనించగానే పొడుగాటి పొట్టు రిబ్బనులా చుట్టలు చుట్టుకుంటూ పాదాలమీద పడింది. లోపలి రంధ్రం ఒక వెంట్రుకవాసి తక్కువగానే తొలిచాడు. బేరింగు దానంతటది జారకూడదు, నొక్కితే వెళ్ళాలి, వెళ్ళాక కదలకూడదు. వైసు దవడల మధ్య బిగించి, పిడి అంగుళం అంగుళం తిప్పుతూ, చెవి దగ్గరపెట్టి విన్నాడు. బేరింగు వంకరగా దిగితే గీరుకున్న చప్పుడొస్తుంది. రాలేదు. ఇరుసు మీద గట్టి ఉక్కు తొడుగు తొడిగాడు. చివర రబ్బరు సీలు కూర్చాడు. సీలు కూర్చేముందు, ఏ పడవ ఇంజను విప్పినా చేసే పనే చేశాడు. నీలంరంగు గ్రీజు డబ్బా తీసి, రెండు వేళ్ళతో తోడి, రోలర్ల సందులన్నీ నిండి పైకి పొంగేదాకా దట్టించాడు. ఉప్పునీళ్ళలో దిగే దేనికైనా ముందు గ్రీజు, తరవాతే మిగతావి. తన చేతికింద ఏ ఇంజనూ తుప్పు పట్టి చావలేదు. ఇంజన్ల కాలం పోయి బ్యాటరీల కాలం వస్తే వచ్చింది, ఉప్పు మాత్రం అదే ఉప్పు.

నీటికోడి మధ్యలో ఒకసారి వచ్చాడు, బకెట్టు కోసం. గ్రీజు నిండిన హబ్బు బల్లమీద ఉంది. వాడు దానికేసి చూసి, నోరు తెరిచి, మూసుకున్నాడు. మేస్త్రికి చిరాకేసింది.

"ఏంట్రా?"

"ఏం లేదు బావా. బకెట్టు."

శనివారం పొద్దున బయల్దేరుతూ సంచి అందుకుంటే తేలిగ్గా ఉంది. టీ ఫ్లాస్కు ఒక్కటే. రెండోది ఏదని అడిగాడు. నీళ్ళమీదకి పోనివాడికి వేడినీళ్ళెందుకండీ, అని వంటింట్లోంచే అంది భార్య. దెప్పుతోందనుకున్నాడు. ఆ దెప్పు మోసుకుంటూ కుంటుకుంటూ ఒడ్డుకి వచ్చాడు. ఇంకా ఎవరూ రాలేదు. చలి కత్తిలా ఉంది. తడి ఇసక మీద నురుగు కదలకుండా నిలిచిపోయింది.

ముందురోజే కొత్త హబ్బు ఒక బోర్డుకి బిగించి బయట కొయ్యస్టాండు మీద వదిలేశాడు. దాన్ని పరీక్షించి, ఓనరమ్మ వచ్చేసరికి ఆవిడ ముందు పెట్టాలని అతని ఉద్దేశం. మోకాలు చూసుకుంటూ బోర్డుని నీళ్ళదాకా ఈడ్చి, కదలకుండా తాడుతో రేవు గుంజకి కట్టి, రిమోటు నొక్కాడు.

మోటారు సన్నగా మొదలైంది. ప్రొపెల్లరు తిరగలేదు. మోత పైపైకి పోయింది, ఈల వేసింది. టక్కున కొరికింది. తాడు గుంజకి కొట్టుకుని, బోర్డు మనిషి మీదకి ఉరికినట్టు ఎగిరింది.

మేస్త్రి చేతిలో రిమోటు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఇక్కడ నేర్చుకునేవాడు లేడు, నేర్పేవాడు లేడు. నొక్కిన వేలు తనది.

మళ్ళీ నొక్కాడు. ఈసారి ఈల కొంచెం తక్కువ. మళ్ళీ. ఇంకా తక్కువ. తరవాత తరవాత అసలు లేదు. హబ్బు బుద్ధిమంతుడిలా ప్రతిసారీ అందుకుంది. తొట్టెలో చూసినప్పుడు అందుకున్నట్టే.

బోర్డు ఒడ్డుకి లాగి, వేడెక్కిన దాని హబ్బు అలాగే ఉంచి, రాత్రంతా చలిలో పడున్న డాక్టరు బోర్డు దగ్గరికి వెళ్ళి దాని హబ్బు విప్పాడు. సీలు ఊడబెరికాడు. నీలం గ్రీజు పేరుకున్న నెయ్యిలా గట్టిపడి ఉంది. సూది మొనతో ఒక రోలరుని కదిపి చూశాడు. కదిలింది, కానీ వెనక్కి రాలేదు. ఇరుసుని పట్టుకోవాలంటే ఆ రోలరు చటుక్కున దొర్లి ఇరుకులోకి పోవాలి. ఈ గ్రీజులో అది ఎటు నెట్టితే అటే, బురదలో దిగిన గేదెలా, ఉండిపోయింది. వేడెక్కితే కదులుతుంది. చల్లబడితే ఇంతే. ఇంజను బేరింగుకి ప్రాణం పోసే గ్రీజు దీని గొంతు పట్టుకుంది.

అతనికి తల కొట్టేసినట్టయింది. ఆ వెనకనే ఇంకో ఆలోచన చల్లగా వచ్చింది. ఎవరూ చూడలేదు. కిరసనాయిలుతో గ్రీజు కడిగేసి, పల్చటి నూనె వేస్తే పోయె. హబ్బులు హబ్బుల్లా ఉంటాయి, తన మాట తన మాటలా ఉంటుంది. రేపు ఆదివారం. ఒక్క రోజు నోరు మూసుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు. పోయేది ఒక్క బావమరిది పని, వాడికేం, ఈత వచ్చినవాడు ఏ ఒడ్డునైనా బతుకుతాడు.

హబ్బు తీసుకుని లేస్తూ, స్టాండు కింద చూశాడు. అక్కడ ఒక ప్లాస్టిక్ బేసిను బోర్లించి ఉంది. దాని పక్కన మడిచిపెట్టిన పాతగుడ్డ. సరిగ్గా ప్రొపెల్లరు వేలాడే చోటికి కింద. బేసిను తిరగేస్తే లోపల అడుగున నీలం జిడ్డు గీతలు గీతలుగా అంటుకుని ఉంది. మేస్త్రి ఆ జిడ్డుని వేలితో రాసి, చాలాసేపు చూశాడు.

ఆ సాయంత్రం భార్య మిషను మీద దీపం వెలిగించుకుని సూదిలో దారం ఎక్కిస్తోంది. అతను మంచం అంచున కూర్చున్నాడు.

"ఆ ఫ్లాస్కులో నీళ్ళు వాడేం చేసేవాడు?"

ఆవిడ దారం కొస కొరికి, నున్నగా చేసి, సూదిలోకి పోనిచ్చింది. "మీ హబ్బుల మీద పోసేవాడు. వేడి నీళ్ళు పోసి, చేత్తో తిప్పి, పట్టుకుంటున్నాయని చూసుకుని అప్పుడు ఎక్కించేవాడు జనాన్ని."

"నాతో చెప్పొచ్చుగా."

"చెప్పాడుగా. బిగించిన వారానికే చెప్పాడు, బావా, పొద్దునపూట కొంచెం ఆలస్యంగా అందుకుంటోందని. మీరేమన్నారో గుర్తుందా?"

గుర్తుంది. నీళ్ళలో ఈదేవాళ్ళు ఇనుము సంగతులు మాట్లాడకూడదన్నాడు. నలుగురిలో అన్నాడు, టీ తాగుతూ అన్నాడు, నలుగురూ నవ్వారు. వాడూ నవ్వాడు.

"మీ పేరు పోకూడదని వేడినీళ్ళ ఉపాయం వాడిదే," అంది ఆవిడ. "నేనైతే ఓనరమ్మకే చెప్పరా అన్నాను. బావ చేత్తో చేసిన వస్తువక్కా, అన్నాడు. ఆ రోజు ఫ్లాస్కు ఖాళీగా వచ్చిందట. డాక్టరేమో తొందర పెట్టాడట."

మిషను చక్రం మీద చెయ్యి పెట్టి, తొక్కబోయి, ఆగింది. మొదటిసారి అతని వైపు తిరిగింది.

"మోకాలు తగ్గిందా?"

మేస్త్రి కాలు మంచం కిందకి లాక్కున్నాడు. మిషను నడిచింది, చాలా దూరం నడిచింది. అది ఆగేదాకా కూర్చుని, మిషనుకి వేసే నూనె డబ్బా ఒకసారి ఇమ్మన్నాడు. షెడ్డులో ఉన్నవన్నీ చిక్కటివే. ఆవిడ సొరుగు లాగి, పొడుగు ముక్కున్న చిన్న డబ్బా తీసి అతని చేతిలో పెట్టింది. ఇది నాది, మళ్ళీ ఇక్కడే పెట్టాలి, అని మాత్రం అంది.

ఆదివారం పొద్దున అతను ఆవిడకంటే ముందే లేచాడు. పొయ్యి వెలిగించి నీళ్ళు పెట్టాడు. ఆవిడ వంటింటి గుమ్మంలోకి వచ్చి, రెండో ఫ్లాస్కు కడుగుతున్న మొగుణ్ణి చూసి, జుట్టు ముడేసుకుంటూ వెనక్కి వెళ్ళిపోయింది.

ఒడ్డున నీటికోడి తన సామాను మూట కట్టుకుంటున్నాడు. మూట అంటే ఏముంది, రెండు తువ్వాళ్ళు, ఒక టోపీ, ఈత అద్దాలు. మేస్త్రి షెడ్డు తెరిచి వాణ్ణి పిలిచాడు. హబ్బులన్నీ బల్లమీద వరసగా పరిచాడు. సీళ్ళు ఊడదీసి, కిరసనాయిలు గిన్నెలో ముంచి, కుంచెతో రోలరు రోలరూ రాశాడు. నీలం జిడ్డు గిన్నెలో మేఘంలా విచ్చుకుంది. నీటికోడి అడక్కుండానే గుడ్డ తీసుకుని తుడవడం మొదలుపెట్టాడు. కుట్టు మిషను నూనె ఒక్కోదానికి చుక్క చుక్కగా వేసి, మేస్త్రి హబ్బుని చల్లటి నీళ్ళ బకెట్టులో ముంచి ఉంచాడు. తీసి వేలితో తిప్పితే ఇటు గాలిలా తిరిగింది. అటు తిప్పీ తిప్పకముందే పట్టింది. ఈసారి సీళ్ళు రెండువైపులా వేశాడు. గ్రీజు లేదు కాబట్టి రోజూ సాయంత్రం విప్పి మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, రెండు చుక్కలు వెయ్యాలి. లేకపోతే ఉప్పు తినేస్తుంది.

"ఓనరమ్మకి చెప్తాను," అన్నాడు మేస్త్రి, హబ్బుకేసి చూస్తూ.

నీటికోడి గుడ్డ పక్కన పెట్టాడు. "వద్దు బావా. బాగైపోయింది కదా, వదిలెయ్. చెప్తే నీ పనికి ఎసరొస్తుంది. నేనెక్కడైనా చేరతాను. అయినా తప్పు నాదీ ఉంది. ఫ్లాస్కు ఖాళీ అని తెలిసే ఆయన్ని ఎక్కించాను. చేత్తో తిప్పి చూశాను, పట్టింది, పర్లేదులే అనుకున్నాను. ఆయన పెదవి చీలింది నా పర్లేదు వల్లే."

ఎవడి తప్పు ఎంతో కొలిచే పరికరం షెడ్డులో లేదు. మేస్త్రి సీలు నొక్కడం పూర్తిచేశాడు.

ఓనరమ్మ ఫోను చెవి దగ్గరికి తీసుకుంటూనే వచ్చింది, అవతలి ఒడ్డు అతనితో మాట్లాడటానికి. మేస్త్రి బల్ల వెనకనుంచి లేచి, కుంటుకుంటూ ఆవిడకి ఎదురెళ్ళాడు.

"మేడం, మొన్న మీరొక మాట అడిగారు. అదే మళ్ళీ అడగండి."

"ఏ మాట?"

"దాంట్లో లోపముందా అని."

ఆవిడ ఫోను కిందికి దించింది. అతని మొహం చూసింది, వెనక నిలబడ్డవాణ్ణి చూసింది. "ఉందా?" అంది.

"ఉంది."

మిగతాది నిలబడే చెప్పాడు. గ్రీజు సంగతి, చలి సంగతి, తాడు కట్టి చూసిన సంగతి. వేడినీళ్ళ సంగతి నీటికోడి చెప్పాడు. తనకి తెలిసే ఎక్కించానని కూడా చెప్పాడు. ఆ నీళ్ళు ఆ రోజు ఎక్కడికి పోయాయో వాడు చెప్పకుండా దాటెయ్యబోతే, మేస్త్రి అందుకుని, తన మోకాలికి పోశానన్నాడు. చెబుతుంటే అది ఇంకొకరి మోకాలి కథలా, నవ్వొచ్చేలా ఉంది. ఎవరూ నవ్వలేదు.

ఓనరమ్మ ఫోను చేతిలో అటూ ఇటూ తిప్పింది. అరిచే మనిషి అరవకపోతే ఒడ్డంతా బోసిపోయినట్టుంటుంది.

"మీ ఇంటి మర్యాదలకి నా బోర్డులే దొరికాయా?" అంది చివరికి, బొంగురు గొంతు తగ్గించి. "బావకి బాధ కలక్కూడదని ఒకడు. బావమరిది మాట వినకూడదని ఒకడు. మధ్యలో ఆ డాక్టరు. ఇదే మాట ఇద్దరూ వెళ్ళి ఆయనతో చెప్పిరండి. ఇవాళే."

తరవాత బల్లమీది హబ్బులు ఒకటొకటే చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. బాగున్నాయంది. రోజూ నూనె ఎవరు వేస్తారని అడిగింది. తానేనన్నాడు మేస్త్రి. మీకు ఒంట్లో బాగాలేని రోజున ఎవరని అడిగింది. మేస్త్రి చెయ్యి తనంతట తానే మోకాలి మీదకి పోయింది.

అద్దెకిచ్చే బోర్డులన్నిటికీ మడత రెక్కలే తెప్పిస్తానంది ఆవిడ. ఇసక దూరితే దూరనీ, కళ్ళకి కనబడుతుంది. రోజూ ఒకరి శ్రద్ధ మీద నడిచే వస్తువు తెలియనివాళ్ళ కాళ్ళకింద పెట్టలేనంది. మేస్త్రి తలూపాడు. పొట్టు పొట్టుగా తీసిన నైలాను, వెంట్రుకవాసి తొలిచిన రంధ్రాలు, అన్నీ ఆ తలూపడంలో పోయాయి. "ఒకటి మాత్రం వీడి బోర్డుకి ఉంచండి," అంటూ ఆవిడ ఫోను జేబులో వేసుకుంది. "వీడికి తెలుసుగా దాని సంగతి. రేపట్నుంచి పాఠాలున్నాయి."

నీటికోడి మూట విప్పి ఈత అద్దాలు తీశాడు.

పొద్దు ఇంకా ఎక్కలేదు, నీళ్ళు మంచులా ఉన్నాయి. ఆ హబ్బుని బకెట్టులోంచి తీసినదాన్ని తీసినట్టే బిగించారు. వేడి చెయ్యలేదు. వాడు బోర్డు మీద మోకాళ్ళ మీద కూర్చుని లోతుకి పోయాడు. మేస్త్రి రేవు చివరదాకా నడిచి, గుంజ పట్టుకుని, కళ్ళు మూసుకుని విన్నాడు. మోటారు సన్నగా మొదలైంది. ఈల కోసం ఎదురుచూశాడు. మోత పైకి పోలేదు. నీళ్ళని తోస్తున్న బరువు గొంతుతో, స్థిరంగా ఉంది. కళ్ళు తెరిచేసరికి వాడు నీళ్ళమీద నిటారుగా నిలబడి ఉన్నాడు.

ఒక సరుకు పడవ పాయ దాటిపోతోంది. దాని వెనక లేచిన అల మీదకి నీటికోడి బోర్డుని వాల్చి, రిమోటు ఉన్న చెయ్యి తలపైకెత్తి ఒడ్డుకి చూపించాడు. మోటారు చప్పుడు ఆగింది. ఒడ్డంతా నిశ్శబ్దమైంది. బోర్డు మాత్రం ఆగలేదు. కింద, కనబడని చోట, ఆ ప్రొపెల్లరు తనమానాన తాను తిరుగుతూ ఉంటుందని మేస్త్రికి తెలుసు. తోయకుండా, లాగకుండా. వాడు చెయ్యి దించకుండానే మలుపు దాకా పోయాడు. తిరిగొచ్చేముందు ఒక్కసారి నొక్కాడు. వెంటనే అందుకుంది.

ఒడ్డెక్కేసరికి వాడి పెదవులు నీలంగా ఉన్నాయి, దవడలు కొట్టుకుంటున్నాయి. మేస్త్రి సంచిలోంచి ఫ్లాస్కు తీసి, మూతలోకి ఆవిర్లు కక్కే నీళ్ళు ఒంపి, చాచాడు.

వాడు దానికేసి చూశాడు, బావకేసి చూశాడు.

"ఇది నాకా, హబ్బుకా?"

మేస్త్రి మూత ఇంకాస్త ముందుకి జరిపాడు. వాడి వేళ్ళు కొంకర్లు పోయి ఒణుకుతున్నాయి. మూత వాడు గట్టిగా పట్టుకున్నాడని తెలిసేదాకా అతను చెయ్యి తియ్యలేదు.